పొద్దున 12, మధ్యాహ్నం 12.5

ప్రశ్న: బయోమెడికల్ ఇంజనీరింగ్ ఆఖరి ఏడాది. ప్రాజెక్టుగా హిమోగ్లోబిన్ మీటరు చేశాను: గ్రీన్ ఎల్‌ఈడీ, ఫోటోడయోడ్ (వెలుగును కరెంటుగా మార్చేది), డ్రాబ్కిన్ ద్రావణం (రక్తం కలిపే రసాయనం). పొద్దున బ్లాంక్ (రక్తం కలపని ద్రావణం) పెట్టి సున్నా చేసి చూస్తే డెసిలీటరుకు 12 గ్రాములు చూపించిన శాంపిలే మధ్యాహ్నం 12.5 చూపిస్తోంది. దీంతో పరికరాల డిజైన్‌లో ఉద్యోగం దొరుకుతుందా?
- ఒక విద్యార్థి, గాజువాక

జవాబు: ముందు ఆ అరగ్రాము సంగతి తేల్చండి. 20 మైక్రోలీటర్ల రక్తాన్ని 5 మి.లీ. ద్రావణంలో కలిపి, సెంటీమీటరు క్యూవెట్‌లో (పారదర్శకమైన చిన్న పాత్రలో) 540 నానోమీటర్ల దగ్గర చూస్తే, 12 గ్రాములకు వచ్చే అబ్జార్బెన్స్ (ద్రావణం వెలుగును ఎంత పీల్చుకుందో చెప్పే కొలత) సుమారు 0.33. బ్లాంక్ పెట్టాక వెలుగు 3 శాతం తగ్గితే చాలు, మీటరు అరగ్రాము ఎక్కువ చెబుతుంది. వేడెక్కిన ఎల్‌ఈడీ వెలుగు తగ్గుతుంది, మన మధ్యాహ్నపు ఉక్క సంగతి చెప్పక్కర్లేదు.

అనుమానంతో భాగాలు మార్చకండి. బ్లాంక్ క్యూవెట్ పెట్టి అరగంట పాటు నిమిషానికో రీడింగు రాయండి. ప్రతిసారీ ఎల్‌ఈడీ ఆర్పి చీకటి రీడింగు కూడా తీయండి. చీకటి రీడింగు మారుతుంటే తప్పు బోర్డుది: సోల్డరింగ్‌లో మిగిలిన ఫ్లక్స్ జిడ్డు తేమ పీల్చి కరెంటు లీకవుతుంది. ఫోటోడయోడ్ కరెంటును వోల్టేజీగా మార్చే ఆంప్లిఫయరులో 1 మెగోమ్ ఫీడ్‌బ్యాక్ రెసిస్టరుంటే, ఒక్క నానోఆంపియరు లీకైనా ఒక మిల్లీవోల్టు తేడా. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి ఆరబెట్టండి. చీకటి రీడింగు నిలకడగా ఉండి వెలుగుది మాత్రమే జారితే ఎల్‌ఈడీనే. స్థిర కరెంటు ఇవ్వండి, ఎల్‌ఈడీ పక్కన దాని వెలుగునే నేరుగా చూసే రెండో ఫోటోడయోడ్ పెట్టి రెండు రీడింగుల నిష్పత్తి తీసుకోండి. రెండూ కదలకపోతే శాంపిల్‌నే చూడాలి: కలిపాక పది నిమిషాలైనా ఆగారా, క్యూవెట్ మీద వేలిముద్ర ఉందా, బుడగ ఉందా? అన్నట్టు, డ్రాబ్కిన్‌లో సయనైడ్ ఉంటుంది. యాసిడ్ పోసిన సింకులో పారబోస్తే విషవాయువు వస్తుంది.

ఇక ఉద్యోగం. మీ ఊరి పక్కనే మెడ్‌టెక్ జోన్ ఉంది, అక్కడ వైద్య పరికరాల తయారీ సంస్థలున్నాయి. ఇంటర్వ్యూకి మెరిసే డబ్బా కంటే దిద్దుబాటుకు ముందూ వెనకా తీసిన ఆ అరగంట గ్రాఫులు తీసుకెళ్లండి. ఎక్కువమంది విద్యార్థులు పొరబడేది ఇంకోటి: ల్యాబు పరికరానికి భద్రతా ప్రమాణం ఐఈసీ 60601 అని రాసేస్తారు. అది రోగికి వాడే విద్యుత్ పరికరాలకు. రక్తం ల్యాబులోనే పరీక్షించే మీ మీటరుకు ఐఈసీ 61010 చూడాలి. నాణ్యతా వ్యవస్థకు ఐఎస్‌ఓ 13485, ప్రమాదాల లెక్కకు ఐఎస్‌ఓ 14971. మన 2017 మెడికల్ డివైజెస్ నిబంధనల్లో ప్రమాద స్థాయిని బట్టి పెట్టిన ఎ, బి, సి, డి తరగతులేమిటో కూడా చదివి వెళ్లండి.