బ్యాంకు లాయరు ఓకే అన్నాక మళ్ళీ మన లాయరు దేనికి?

ఇల్లు కొంటున్నాం, లోనుకి బ్యాంకు లాయరు కాగితాలు చూశాడు, ఏజెంటు అంతా క్లియర్ అంటున్నాడు, ఇంకా సొంతంగా లాయరుని పెట్టుకోవాలా అన్నది మీ ప్రశ్న. నన్నడిగితే పెట్టుకోండి. అదీ అడ్వాన్సు ఇవ్వకముందే. ఒప్పందం మీద సంతకం పెట్టేశాక వెళ్తే లాయరు చేయగలిగేది సగానికి సగం తగ్గిపోతుంది.

బ్యాంకు లాయరు పని చేసేది బ్యాంకు కోసం. అప్పు మునిగితే ఈ ఇల్లు అమ్మి రాబట్టుకోగలమా అన్నదే ఆయన చూసేది. మీ అడ్వాన్సు ఏ పరిస్థితుల్లో పోతుందో ఆయనకి అనవసరం. ఇక ఏజెంటుకి డీల్ అయితేనే కమిషను. మా ఏజెంటు మంచివాడే, ఇప్పటికీ ఫోన్లు చేసుకుంటాం. కానీ "కాస్త ఆగండి" అనే మాట అతని నోట రాదు కదా.

మేం కొన్నది పాత ఇల్లు. మా లాయరు గారు పత్రాలన్నీ తేదీల వారీగా బల్ల మీద పరిచి, ఒక్కోదాంట్లో అమ్మినవాళ్ళ పేరు, కొన్నవాళ్ళ పేరు కింద పెన్సిలుతో గీతలు గీస్తూ వచ్చారు. ఒక పత్రంలో కొన్నవాడే తర్వాతి పత్రంలో అమ్మినవాడు అవ్వాలి. ఒకచోట ఆ వరస తెగింది. కొన్నాయన చనిపోయారు, ఆ తర్వాత అమ్మింది ఇద్దరు కొడుకులు. "ఆయనకి పిల్లలు ఈ ఇద్దరేనా?" అని అడిగారావిడ. ఏజెంటు వెంటనే అవునన్నాడు. వాకబు చేస్తే, పెళ్ళై వేరే దేశంలో స్థిరపడ్డ కూతురు ఒకావిడ ఉన్నారని తేలింది. వాళ్ళలో వాళ్ళకి గొడవలేం లేవు, ఆవిడకి వాటా మీద ఆశా లేదు. కానీ సంతకం లేదు! అంతకుముందు ఇదే ఇంటి మీద లోను ఇచ్చిన బ్యాంకు కూడా దీన్ని పట్టుకోలేదు. ఆవిడ హక్కు వదులుకుంటున్నట్టు పత్రం రాసిచ్చాకే మేం అడ్వాన్సు ఇచ్చాం. రేపు ఆవిడ పిల్లలు వచ్చి అడిగితే టెన్షన్ పడాల్సింది ఏజెంటు కాదు, మేము.

ఒప్పందంలో కూడా మా లాయరు గారు రెండు మార్పులు చేయించారు. మాకు లోను రాకపోతే అడ్వాన్సు మొత్తం వెనక్కి ఇవ్వాలని ఒకటి. అమ్మేవాళ్ళ పాత లోను బాకీని మేమిచ్చే డబ్బులోంచి నేరుగా వాళ్ళ బ్యాంకుకే కట్టి, తాకట్టు విడుదల కాగితం తీసుకోవాలని రెండోది. అమ్మేవాళ్ళు కాస్త మొహం మాడ్చుకున్నారు గానీ ఒప్పుకున్నారు.

మీరు ఏ దేశంలో కొంటున్నారో రాయలేదు. అమెరికాలోనే సౌత్ కరోలినాలో ఇంటి అమ్మకం లాయరు పర్యవేక్షణ లేకుండా పూర్తి కాదు, కాలిఫోర్నియాలో మామూలుగా ఎస్క్రో కంపెనీలు (అమ్మకం పూర్తయ్యేదాకా డబ్బూ కాగితాలూ మధ్యవర్తిగా దగ్గర పెట్టుకునేవి), టైటిల్ కంపెనీలే (ఇంటి మీద హక్కు ఎవరిదో చూసేవి) ఆ పని నడిపిస్తాయి. ఇంగ్లండులో సొలిసిటర్ (అక్కడి లాయరు) గానీ లైసెన్సు ఉన్న కన్వేయన్సర్ (ఆస్తి బదిలీ పనులు చూసే నిపుణుడు) గానీ చూస్తారు. ఫ్రాన్సులో నోటరీ (మన దగ్గర ముద్ర వేసే నోటరీ కాదు, ఆస్తి పత్రాలు రాసే న్యాయాధికారి) తప్పనిసరి, కొనేవాళ్ళు తమ నోటరీని తామే పెట్టుకోవచ్చు కూడా. భారతదేశంలో రిజిస్ట్రేషన్ అయినంత మాత్రాన ఆ ఇల్లు అమ్మినవాళ్ళదేనని ప్రభుత్వం హామీ ఇచ్చినట్టు కాదు, కాబట్టి అక్కడైతే నేను రెండో ఆలోచనే పెట్టుకోను. వారసత్వంగా వచ్చిన ఇల్లయినా, యజమాని బదులు పవర్ ఆఫ్ అటార్నీ ఉన్నవాళ్ళు సంతకం పెడుతున్నా ఎక్కడైనా ఇదే మాట. బంధువుల దగ్గర కొంటున్నా అంతే, మొహమాటానికి మనం అడగలేని ప్రశ్నలు లాయరు అడుగుతారు.

ఏజెంటు చూపించిన లాయరు వద్దు. అమ్మేవాళ్ళ పని కూడా ఆయనే చూస్తున్నారేమో అడగండి. ఫీజు మొత్తం ఎంతో ముందే మాట్లాడుకుని, అభిప్రాయం రాతపూర్వకంగా ఇమ్మనండి, "అంతా బాగానే ఉందండీ" అని ఫోన్లో చెప్తే సరిపోదు. గోడల పగుళ్ళు, పైపుల లీకులు లాయరుకి సంబంధం లేదు, దానికి ఇంజినీరుని వేరే పిలవాలి.

చేతిలో డబ్బు మరీ కటకటగా ఉంటే కనీసం ఒప్పందమైనా చదివించండి. మీరింకా అడ్వాన్సు ఇవ్వలేదంటున్నారు కాబట్టి ఒప్పందం డ్రాఫ్టు ఇమ్మని ఇవాళే అడగండి. ఇవ్వడానికి అమ్మేవాళ్ళు నసిగితే, ఆ సంగతి కూడా లాయరుకి చెప్పండి.