కెమెరాకు తెలియకపోతే తెలియదని చెప్పనివ్వు

చిరంజీవి బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

మీ అమ్మ ఫోన్ చేసి, "ఉద్యోగం మానేసి పార్కింగ్ కాంట్రాక్టు తీసుకుందట, టికెట్లు ఉండవట, గేటు కూడా ఉండదట, కెమెరానే నంబర్ ప్లేట్ చూసి డబ్బు లెక్క కడుతుందట" అని ఒక్క ఊపిరిలో చెప్పేసింది. నీ జీతం పోయిందని దాని దిగులు. నా దిగులు వేరే. ముందు సంతోషం సంగతి చెప్పనివ్వు. గేటు దగ్గర చిల్లర లెక్కలతో మొదలుపెట్టి ఫిర్యాదుల టేబుల్ దగ్గర రిటైరైన దాన్ని నేను. ఇన్నేళ్లలో మన ఇంట్లో ఎవరూ నా పనేమిటో సరిగ్గా అడగలేదు, "పార్కింగ్‌లో ఏదో చేసేది" అనేవాళ్లు. నువ్వు అదే పనిని కోరి మరీ ఎంచుకున్నావంటే నాకు ఎంత గర్వంగా ఉందో! ఈ మాట మీ అమ్మతో అనలేదులే. అంటే నన్నూ కలిపి తిడుతుంది.

నీకు తెలిసినవి గబగబా చెప్పేస్తాను. కెమెరాకు ఇన్‌ఫ్రారెడ్ లైటు, అంటే మన కంటికి కనబడని వెలుగునిచ్చేది, ఉండాలి, లేకపోతే రాత్రిపూట హెడ్‌లైట్ల వెలుగులో ప్లేటు కనబడదు. మరీ పక్కనుంచి, మరీ పైనుంచి పెట్టించకు. ఉదయం, సాయంత్రం ఎండ సూటిగా కెమెరాలోకి కొట్టే దిక్కు చూసుకో. ఎంట్రీ కెమెరా గడియారం, ఎగ్జిట్ కెమెరా గడియారం ఒకే టైము చూపించాలి. నెట్ పోయినా రీడ్లు, అంటే కెమెరా చదివిన నంబర్లు, అక్కడికక్కడే దాచుకునే ఏర్పాటు ఉండాలి, జనం విరగబడే రోజునే నెట్ పోతుంది. రెండు చోట్లా బళ్లు నెమ్మదించేలా స్పీడ్ బ్రేకర్ వేయించు. ఇవన్నీ ఇన్‌స్టాల్ చేసేవాళ్లు చేస్తారు, నువ్వు దగ్గరుండి చూసుకుంటే చాలు.

వాళ్లు చెప్పే శాతాల దగ్గర మాత్రం మెతకగా ఉండకు. "99 శాతం కరెక్టుగా చదువుతుంది మేడమ్" అంటారు. ఒక్కో అక్షరానికా, మొత్తం ప్లేటుకా అని అడుగు. ఒక్కో అక్షరానికే అయితే, పది అక్షరాల ప్లేటు పూర్తిగా సరిగ్గా వచ్చేది 90 శాతం చిల్లరే. సరే, మొత్తం ప్లేటుకే 98 శాతం అనుకుందాం. బండి వచ్చేటప్పుడు ఒకసారి, పోయేటప్పుడు ఒకసారి, రెండుసార్లూ సరిగ్గా చదవాలి కదా. 98లో 98 శాతం అంటే 96. వెయ్యి బళ్లు వచ్చిన రోజున నలభై బళ్లకు ఏదో ఒకచోట తేడా వస్తుందన్నమాట. పైగా ఆ 98 ఎక్కడ కొలిచారు? శుభ్రమైన ప్లేట్లతో, మంచి వెలుగులో చేసిన డెమోలోనా? నీ చోట, వానలో, రాత్రిపూట కొలిచి చూపించమను. వెనక సైకిళ్లు కట్టుకొచ్చే బళ్లు, లగేజీ వేలాడేసుకొచ్చే బళ్లు, బస్సు వెనకే అంటుకుని పోయే బళ్లు... సందర్శకులు వచ్చే చోట ఇవే ఎక్కువ.

కొన్ని తేడాలు బయటికి కనిపించవు కూడా. బురద పట్టిన ప్లేటును రెండు కెమెరాలూ ఒకేలా తప్పు చదివాయనుకో. 8 బదులు రెండు చోట్లా 3. ఇక ఎంట్రీకీ ఎగ్జిట్‌కీ జత చక్కగా కుదిరిపోతుంది, సిస్టమ్‌కు ఏ అనుమానమూ రాదు. డబ్బు కట్టమనే నోటీసు మాత్రం ఆ చోటు ముఖమైనా చూడని ఎవరింటికో వెళ్తుంది. సున్నాకూ ఓకూ, 1కీ ఐకీ వచ్చే ఇలాంటి గొడవ పడలేకే మన దేశంలో ప్లేటు సిరీస్ అక్షరాల్లో ఐ, ఓ వాడరు. జర్మనీ అయితే ప్లేటు మీద అక్షరాల రూపాన్నే మార్చేసింది, ఒకదాన్ని ఇంకొకటిగా దిద్దడానికి వీల్లేకుండా. అయినా తప్పులు వస్తూనే ఉంటాయి.

చిన్నప్పుడు నువ్వు నా పక్కన నిలబడి బళ్ల నంబర్లు చదువుతూ, అంకెలన్నీ కూడి తొమ్మిది వస్తే ఎగిరి గంతేసేదానివి, గుర్తుందా? దూరంగా ఉన్న ప్లేటు కనబడకపోతే "కనబడలేదు" అనేదానివి కాదు. ఏదో ఒక అంకె అనేసి తొమ్మిది చేసేసేదానివి. ముద్దొచ్చేది. నీ కెమెరా మాత్రం ఆ పని చేయకూడదు. ప్రతి రీడ్‌తో పాటు ఎంత నమ్మకంగా చదివిందో కూడా సాఫ్ట్‌వేర్ ఇస్తుంది. ఆ నమ్మకం తక్కువగా ఉన్నది ఏదైనా మనిషి కంటికి వెళ్లాలి తప్ప నేరుగా నోటీసు కాకూడదు.

ఇక నన్ను ఇప్పటికీ వదలని సంగతి.

నేను పనిచేసిన ఒకచోట, పేరెందుకులే, కెమెరాలు పెట్టిన కొత్తలో జరిగింది. ఒకాయన పొద్దున తొమ్మిదింటికి కుటుంబంతో వచ్చాడు. కారు మీద మడతపెట్టిన వీల్ చైర్, వాళ్లమ్మది. గంటకల్లా ఆవిడకు ఒంట్లో బాగోలేక, భార్యాపిల్లల్ని అక్కడే ఉంచి తల్లిని ఆస్పత్రికి తీసుకెళ్లాడు. పోతూ డబ్బు కట్టాడు. కానీ ఎగ్జిట్ దగ్గర ఒక పెద్ద బస్సు వెనకే దూరి బయటపడ్డాడు, కెమెరాకు ప్లేటు చిక్కలేదు. సాయంత్రం అయిదింటికి పిల్లల కోసం తిరిగొచ్చాడు, ఇంకో గంటకు వెళ్లిపోయాడు, మళ్లీ డబ్బు కట్టాడు. ఇప్పుడు సిస్టమ్ దగ్గర ఉన్నవేమిటి? ఎంట్రీ, మళ్లీ ఎంట్రీ, ఒక ఎగ్జిట్. లోపలున్న బండి మళ్లీ లోపలికెలా వస్తుంది? ఏదో తేడా ఉందని ఆగాలి కదా. ఆగలేదు. రెండో ఎంట్రీని డూప్లికేట్ అని పక్కకు తోసేసి, పొద్దుటి ఎంట్రీకి సాయంత్రపు ఎగ్జిట్‌ను ముడిపెట్టింది. తొమ్మిది గంటలు ఉండి రెండు గంటలకే కట్టారని నోటీసు పంపింది. కింద రెండు ఫొటోలు. రెండు ఫొటోలూ నిజమైనవే, అదే కదా దారుణం.

ఆయన ఉత్తరం రాశాడు. ఫొటోలు స్పష్టంగా ఉన్నాయి కాబట్టి అప్పీలు తిరస్కరించామని అచ్చు వేసిన జవాబు వెళ్లింది. ఆస్పత్రి రసీదు జతచేసి మళ్లీ రాశాడు. అదే జవాబు, ఈసారి మొత్తం పెరిగింది. మూడో ఉత్తరం వాళ్లమ్మ రాసింది. వణికే చేత్తో, గీతల్లేని కాగితం మీద, వరసలన్నీ కిందికి జారిపోతూ. "నా మూలంగానే వాడు రెండుసార్లు తిరగాల్సి వచ్చింది. తప్పు నాది. నా పింఛన్‌లోంచి నెలనెలా కడతాను, వాణ్ని వదిలేయండి" అని. ఆ ఉత్తరం నా టేబుల్ మీదికొచ్చింది.

నేను లేచి కంప్యూటర్ల గదికి వెళ్లి, జత కుదిరినవి కాదు, ఆ రోజు ఆ నంబరుకు వచ్చిన రీడ్లన్నీ తియ్యమన్నాను. "డూప్లికేట్లను సిస్టమే పక్కన పెడుతుందండీ, ఎవరూ చూడరు" అన్నాడు అక్కడి కుర్రాడు. చూద్దాం తియ్యి అన్నాను. సాయంత్రం అయిదు గంటల ఫొటో వచ్చింది. అదే కారు, మీద వీల్ చైర్ లేదు. ఇద్దరం కాసేపు మాట్లాడలేదు.

మా మేనేజరు ఆ ఒక్క నోటీసు రద్దు చేసి, "మిగతావి తవ్వకండి" అన్నాడు. నేనూ ఆ కుర్రాడూ తవ్వాం. ఒకే రోజు రెండుసార్లు వచ్చినవాళ్లు, పొద్దున వచ్చి మధ్యాహ్నం వెళ్లి సాయంత్రం మళ్లీ వచ్చినవాళ్లు, ఎందరో దొరికారు. వారం పది రోజులు వెంటపడితే అవన్నీ రద్దు చేశారు. కానీ నోటీసు రాగానే భయపడి, నోరెత్తకుండా కట్టేసినవాళ్లు ఉన్నారు చూడు, వాళ్లలో పాత కేసులకు రీడ్లే మిగల్లేదు. గడువు దాటిందని సిస్టమ్ తుడిచేసింది. వాళ్లకు వెనక్కి ఇవ్వడానికి మా దగ్గర ఆధారం లేదు, తమకు అన్యాయం జరిగిందని వాళ్లకు తెలియనే తెలియదు. బ్రిటన్‌లో కూడా ఇలా రెండుసార్లు వచ్చిన బళ్ల గొడవ ఎప్పటినుంచో ఉందని తర్వాత చదివాను. మా ఒక్కరికే పట్టిన తెగులు కాదు.

అందుకే ఇంతగా చెప్తున్నా. జత లేని ఎంట్రీ గానీ ఎగ్జిట్ గానీ ఆ రోజు ఆ బండికి ఉంటే, నోటీసు ఆగిపోవాలి. సాఫ్ట్‌వేర్ కొనేటప్పుడే ఈ షరతు రాయించు, "తర్వాత అప్‌డేట్‌లో ఇస్తాం" అంటే ఒప్పుకోకు. ఒక అక్షరం అటూఇటూ అయినా అదే బండి అని సర్దుకుపోవడం మనిషిని వదిలిపెట్టడానికి వాడు, పట్టుకోవడానికి వాడకు. డబ్బు కట్టి వెళ్లిన బండి వివరాలు త్వరగా తుడిచేయి, ఎవరు ఎప్పుడు ఎక్కడికి వచ్చారో దాచుకోవడం మన పని కాదు, మన దేశంలో 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం ఉద్దేశమూ అదే. నోటీసు పంపిన బండికి మాత్రం ఆ రోజు రీడ్లన్నీ, పనికిరానివనుకున్నవి కూడా, ఆ తగాదా తీరేదాకా ఉంచు.

డబ్బు కట్టే మెషీన్ దగ్గర జనం తమ నంబరు తామే తప్పు కొడతారు. అద్దె బండి అయితే నంబరే తెలియదు, పరిగెత్తి చూసొస్తారు, వెనక క్యూ పెరుగుతుంది. చివరి నాలుగు అంకెలు కొడితే ఫొటోలు చూపించి "మీ బండి ఏది?" అని అడిగే మెషీన్లు ఉన్నాయి, అవే తీసుకో. ఫోన్‌లో కట్టమని బోర్డు పెట్టి అక్కడ సిగ్నల్ ఉందో లేదో చూడనివాళ్లను నేను చాలామందిని చూశాను. ఇంటికెళ్లాక కూడా కట్టే వీలు ఇవ్వు, కనీసం మర్నాటి దాకా.

సెలవు రోజుల్లో ఖాళీ కోసం ఇరవై నిమిషాలు తిరిగి, దొరక్క వెళ్లిపోయేవాళ్లు ఉంటారు. వాళ్లు పార్క్ చేయలేదు, కెమెరాకు ఆ సంగతి తెలియదు. చీకటి పడగానే అందరూ ఒక్కసారే బయల్దేరితే ఎగ్జిట్ క్యూలోనే అరగంట పోతుంది. నువ్వు కదలనివ్వని టైముకు వాళ్లు డబ్బు కట్టడమేమిటి? బ్రిటన్‌లో పార్కింగ్ టైము అయిపోయాక కనీసం 10 నిమిషాలు వదిలిపెట్టాలన్న నియమం ఉంది. నువ్వు రద్దీని బట్టి ఇంకా ఎక్కువే ఇవ్వు. బోర్డులు పెద్దవి పెట్టించు, దారి మొదట్లోనే, వెనక్కి తిరిగిపోయే వీలున్న చోట. 2015లో బ్రిటన్ సుప్రీంకోర్టు ఒక పార్కింగ్ కంపెనీ వేసిన 85 పౌండ్ల చార్జీ చెల్లుతుందని తీర్పు ఇచ్చింది. అక్కడ బోర్డులు పెద్దగా, స్పష్టంగా ఉండటం ఆ కంపెనీకి కలిసొచ్చింది. చిన్న అక్షరాల్లో చెట్టు చాటున పెట్టేవాళ్లు కోర్టుకెళ్తే ఏమవుతుందో నువ్వే ఊహించుకో.

అసలు ఈ కెమెరా విద్య 1976లో బ్రిటన్ పోలీసుల పరిశోధన విభాగంలో పుట్టింది. దొంగ బళ్లను పట్టుకోవడానికి బాగా పనికొచ్చింది. అనుమానం దాని పుట్టుకలోనే ఉంది బుజ్జీ. నీ దగ్గరికి వచ్చేవాళ్లు పిల్లల్ని, ముసలివాళ్లను వెంటబెట్టుకుని ఒక పూట సంతోషంగా గడుపుదామని వస్తారు.

నోటీసు మీద ఫోన్ నంబరు వేయించు, దానికి మనిషి పలకాలి. ఆ పనికి కొత్తగా చేరిన పిల్లల్ని కూర్చోబెట్టకు, రద్దు చేసే అధికారం ఉన్నవాళ్లను పెట్టు. మొదటి నెలల్లో నువ్వే కూర్చో. విసుగొస్తుంది, తిట్లు పడతాయి, కొందరు అబద్ధాలూ చెప్తారు. అయినా కూర్చో.

మరీ బెదరగొట్టానేమో. టికెట్ కోసం బళ్లు రోడ్డు దాకా ఆగిపోవడం, గేటు కర్ర విరిగి మధ్యాహ్నమంతా చేత్తో ఎత్తి పట్టుకోవడం నేను పడ్డదాన్ని. ఆ బాధ నీకు లేకుండా పోయినందుకు నిజంగా సంతోషమే. నువ్వు చేయగలవు. తిండి టైముకు తిను, ఎండలో టోపీ లేకుండా తిరగకు, మీ అమ్మకు రోజూ ఫోన్ చెయ్యి. లేకపోతే అది నాకు చేస్తుంది.

మొదటి సెలవుల రద్దీకి నేను వస్తాను. ఆఫీసులో ఏసీ కింద కూర్చోబెట్టకు, ఎగ్జిట్ దగ్గర కుర్చీ వేయించు. నోటుబుక్కులో ప్రతి బండి నంబరూ, టైమూ రాసుకుంటాను, సాయంత్రం నీ కెమెరా లెక్కతో పోల్చుకుందాం. ఎంట్రీ దగ్గర రాయడానికి మీ అమ్మను తీసుకొస్తాను. అది నీమీద అలిగి ఉంది కాబట్టి ఒక్క బండినీ వదలదు.

ఇట్లు,
పెద్దమ్మ