జీఆర్ఈ కాదమ్మా, ముందు లెటర్ సంగతి చూడు

ప్రశ్న: మేడమ్, నేను నాలుగేళ్ల డిగ్రీలో సెకండియర్, బయాలజీ. బయటికెళ్లి పీహెచ్‌డీ చేయాలని ఉంది కానీ ఫెలోషిప్ లేకపోతే ఇంట్లో పంపలేరు. ఫ్రెండ్సంతా ఇప్పుడే జీఆర్ఈ కోచింగ్‌లో చేరుతున్నారు, నేనూ చేరాలా? టాపర్‌ని కాదు, వెనక బెంచీ, సార్లెవరికీ నా పేరు కూడా తెలీదు.

జవాబు: అసలు ప్రశ్న ఆ చివరి ముక్కేనమ్మా, సార్లకి నీ పేరే తెలీకపోతే నీ గురించి రికమెండేషన్ లెటర్ ఎవరు రాస్తారు? కోచింగ్ సంగతి తర్వాత. జీఆర్ఈ స్కోరు అయిదేళ్లు చెల్లుతుంది, టోఫెల్, ఐఈఎల్టీఎస్ రెండేళ్లే, అంటే ఇంగ్లీష్ టెస్ట్ ఇప్పుడు రాసేస్తే నీకు అవసరమయ్యే టైముకి అది చెల్లకుండా పోవచ్చు. ఇక జీఆర్ఈ అయితే 2023 సెప్టెంబర్ నుంచి రెండు గంటల్లోపే అయిపోతోంది, సైన్స్ పీహెచ్‌డీల్లో చాలా డిపార్ట్‌మెంట్లు అడగడమే మానేశాయి. నువ్వు అనుకుంటున్న నాలుగైదు ప్రోగ్రాముల అడ్మిషన్ రూల్స్ చదువు, అడక్కపోతే కోచింగ్‌కి పోయే టైం మిగిలినట్టే.

డబ్బు గురించి ఒక మాట. అమెరికాలో సైన్స్ పీహెచ్‌డీకి చాలా చోట్ల ఫీజు వాళ్లే చూసుకుని నెలనెలా స్టైపెండ్ కూడా ఇస్తారు, జేబులోంచి పెట్టాల్సొచ్చేది ఎక్కువగా మాస్టర్స్‌కే. మాస్టర్సే చేద్దామనుకుంటే యూరప్‌లో ఎరాస్మస్ ముండస్ స్కాలర్‌షిప్ ఉంది, ఫీజూ నెల ఖర్చూ రెండూ వస్తాయి.

ఇప్పుడు లెటర్లు. మామూలుగా మూడు అడుగుతారు. కేంబ్రిడ్జ్ యూనివర్సిటీలో చదవడానికిచ్చే గేట్స్ కేంబ్రిడ్జ్ స్కాలర్‌షిప్ లాంటి వాటికైతే చదువు గురించి రెండూ, ఆ స్కాలర్‌షిప్‌కి నువ్వెందుకు తగినదానివో చెప్పేది ఇంకోటీ. నా కథ చెప్తా విను, గడువు నాలుగు రోజులుందనగా ఒక సార్ దగ్గరికి పరిగెత్తితే "నువ్వే రాసుకురా, సంతకం పెడతా" అన్నారు. రాత్రంతా కూర్చుని నన్ను నేనే పొగుడుకున్నా. పొద్దున చదివితే అచ్చం సన్మానపత్రం! కష్టపడే తత్వం, క్రమశిక్షణ, అందరితో కలిసిపోతుంది... నేను చేసిన పని ఒక్కటి లేదు అందులో, ఎందుకంటే ఆ సార్ దగ్గర నేను చేసిన పనే లేదు. ఆ ఏడు ఎక్కడా రాలేదు.

తర్వాత నేను లెటర్లు రాసే వయసొచ్చాక ఒకమ్మాయికి రాశా. మూడు వారాలు డేటా ఎక్కించింది, సగంలో ఒక కాలమ్‌లో కొన్ని మిల్లీగ్రాముల్లో, కొన్ని మైక్రోగ్రాముల్లో ఉన్నాయని కనిపెట్టి, తను అంతకుముందు నాకిచ్చిన గ్రాఫ్ తప్పని తనే వచ్చి చెప్పింది. అదే రాశా, ఇంకేం పొగడలేదు. ఆ అమ్మాయి క్లాస్ టాపరేం కాదు.

నీకు అలాంటి లెటర్ రాయగలిగే మనిషి ఒక్కరు కావాలి, దానికి టైం పడుతుంది. అమెరికా పీహెచ్‌డీ గడువులు చాలావరకు డిసెంబర్‌లోనే, అంటే ఫైనలియర్ మధ్యలో, అప్పటికి నువ్వు చేసిందే లెటర్‌లోకి వస్తుంది. ఒక సార్ రాసిన రీసెర్చ్ పేపర్ ఒకటి తీసుకుని నిదానంగా చదువు, సగం అర్థం కాకపోయినా ఫర్లేదు, ఫలానా గ్రాఫ్‌లో ఒక్క చోటే ఎర్రర్ బార్ (కొలత ఎంత అటూ ఇటూ కావచ్చో చూపించే గీత) ఎందుకంత పెద్దగా ఉందని అడుగు. "మీ రీసెర్చ్ అంటే చాలా ఇష్టం సార్" అన్న మెయిల్ వాళ్లకి రోజూ వస్తుంది, ఇలాంటిది రాదు. తర్వాత ల్యాబ్‌లో చిన్న పనేదైనా ఇవ్వమను, గాజు సామాను కడగమన్నా సరే వెళ్లు. ఏ రోజు ఏం చేశావో, ఏది చెడిందో తేదీ వేసి ఒక నోట్‌బుక్‌లో రాసుకో. స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్, అంటే ఆ చదువు నీకెందుకో చెప్పే వ్యాసం, రాసేటప్పుడు అందరూ చిన్నప్పటి కలల దగ్గర మొదలెడతారు, ఆ నోట్‌బుక్ ఉంటే నీకు ఆ అవసరం రాదు.

టాపర్లకే ఇస్తారా అంటావా? ఆక్స్‌ఫర్డ్‌లో చదవడానికిచ్చే రోడ్స్ స్కాలర్‌షిప్ ఉంది కదా, వట్టి పుస్తకాల పురుగులు వద్దని అది పెట్టిన సెసిల్ రోడ్స్ (1902లో పోయాడు) వీలునామాలోనే ఉంది. అలాగని మార్కులు వదిలేయకు, మరీ తగ్గితే గేటు దగ్గరే ఆపేస్తారు.

ప్రశ్న: ప్రొఫెసర్‌కి మెయిల్ పెట్టి వారమైంది, రిప్లై లేదు. మళ్లీ పెడితే బాగోదేమో?

జవాబు: పెట్టు బాబూ. వాళ్లు రిప్లై ఇవ్వంది కోపం వచ్చి కాదు, ఆ మెయిల్ అడుగుకి వెళ్లిపోయుంటుంది. అదే మెయిల్ కింద రెండు లైన్లు చాలు. అప్పటికీ రాకపోతే వాళ్ల దగ్గర పీహెచ్‌డీ చేసేవాళ్లని పట్టుకో, ల్యాబ్‌లో చెయ్యి కావాల్సింది వాళ్లకే.