సముద్రంలో తేలిన మురుగుకాలువ

ప్రశ్న: అనంతపురం వైపు మా పట్టణ మురుగుకాలువల షేప్‌ఫైల్‌ను (మ్యాప్ గీతల డేటా ఫైలు) రాష్ట్ర శాఖవారి మ్యాప్ మీద వేస్తే గీతలన్నీ బంగాళాఖాతంలో పడుతున్నాయి. ఎందుకు?

జవాబు: జోన్ తప్పు పడింది. యూటీఎం (భూమిని 6 డిగ్రీల వెడల్పు పట్టీలుగా, అంటే జోన్లుగా, విడగొట్టే మ్యాప్ పద్ధతి)లో 43, 44 జోన్ల హద్దు 78 డిగ్రీల తూర్పు రేఖాంశం. రాష్ట్రంలో చాలాభాగం 44లో ఉంటే, మీరు 77.6 దగ్గర, అంటే 43లో ఉన్నారు. డేటా ఏ జోన్‌లో ఉందో చెప్పే పీఆర్‌జే ఫైలు జతచేయకపోతే అవతలివాళ్లు అలవాటుగా 44 అనుకుంటారు. అంతే, కాలువ 6 డిగ్రీలు, సుమారు 645 కి.మీ. తూర్పుకు జరిగిపోతుంది!

క్యూజీఐఎస్ (మ్యాప్‌లు చేసే సాఫ్ట్‌వేర్)లో ముందు 'సెట్ లేయర్ సీఆర్ఎస్'లో (సీఆర్ఎస్ అంటే డేటా వాడే నిర్దేశాంక పద్ధతి) ఈపీఎస్‌జీ 32643, అంటే 43వ జోన్ కోడ్, ఇవ్వండి. ఇది లేబుల్‌ను మాత్రమే సరిచేస్తుంది. ఆ తర్వాతే ఎక్స్‌పోర్ట్‌లో 32644 (44వ జోన్ కోడ్) ఎంచుకుని కొత్త ఫైలు తీయండి. మొదటిదాంతోనే పని అయిపోయిందనుకుంటారు చాలామంది, చిక్కంతా అక్కడే.

ఇక మ్యాప్‌కు వేరే పట్టికలు కలిపేటప్పుడు ఊళ్ల, జిల్లాల పేర్లను నమ్మొద్దు. జిల్లాల విభజన జరిగిన 2022కు ముందటి ఫైళ్లలో హిందూపురం అనంతపురం జిల్లా కిందే ఉంటుంది. గ్రామం ఎల్‌జీడీ (ప్రభుత్వ స్థానిక సంస్థల డైరెక్టరీ) కోడ్‌తో కలపండి.