ఫైళ్లు సర్దడం గుమాస్తా పనేనా?

ప్రశ్న: మా అమ్మాయి పీహెచ్‌డీ మూడో ఏడు. రెండు నెలలుగా పాత డేటా ఫైళ్లు సర్దడం, వాటిని ఎవరైనా చూసి వాడుకునేలా ఆన్‌లైన్‌లో ఏదో ఓపెన్ రిపాజిటరీలో పెట్టడం, ఇదే పని. తోటివాళ్లేమో డేటా సైన్స్ కోర్సులు చేస్తున్నారు. కష్టపడి సేకరించిందంతా ఊరికే అందరి ముందూ పెడితే ఎవరో ఒకరు ఎగరేసుకుపోరా? ఈ గుమాస్తా పని మాన్పించి డేటా సైన్స్‌లో చేర్పిస్తే మంచిదా? రెండూ పోల్చి చెప్పండి. – ఒక తండ్రి

జవాబు: పోల్చి చెబుతాను గానీ, ముందు ఒక మాట. పీహెచ్‌డీ మూడో ఏడులో ఉన్న మనిషిని ‘మాన్పించడం’, ‘చేర్పించడం’ ఏమిటండీ? ఈ రెండు నెలలూ ఆ ఫైళ్లతో ఏం చేస్తున్నావమ్మా అని ఒక్కసారైనా అడిగారా? మీ ఉత్తరంలో ఆ జాడ కనపడలేదు. ఇలాంటివి నాకు చాలా వస్తాయి. పైకి అడిగేది కోర్సు గురించే. లోపలున్నది మాత్రం, అందరూ ముందుకెళ్తుంటే మా పిల్ల ఎక్కడ ఆగిపోతుందో అన్న దిగులు.

ఆగిపోలేదు. ఒక కుర్రాడి సంగతి చెబుతాను. సెన్సర్ రీడింగుల ఫైలు రిపాజిటరీకి సిద్ధం చేస్తున్నాడు. ‘టెంప్’ (ఉష్ణోగ్రత) అని ఒక కాలమ్ ఉంది, అది సెల్సియసో కెల్వినో ఎక్కడా రాసి లేదు. సెన్సర్ పనిచేయని రోజుల్లో -999 అని పడింది. అది ‘రీడింగ్ లేదు’ అని చెప్పే గుర్తు. సగటు తీసేటప్పుడు దాన్నీ కలిపేశారు. డేటాతో పాటు వివరణగా పెట్టే రీడ్‌మీ ఫైల్లో ఒక్కో కాలమ్‌కూ అర్థం రాయడానికి కూర్చుంటే గానీ ఆ తప్పు బయటపడలేదు. అప్పటికి ఆ లెక్కలు రెండు సెమినార్లలో చూపించేశారు కూడా!

ఇది ఒక్కడి అజాగ్రత్త అనుకోకండి. ‘సెప్ట్2’ అనే జన్యువు పేరును ఎక్సెల్ సెప్టెంబర్ 2వ తేదీగా మార్చేస్తుంది. ఎక్సెల్ జన్యు జాబితాలు జతచేసిన పరిశోధన వ్యాసాల్లో దాదాపు ఐదింట ఒకదానిలో ఇలాంటి పొరపాట్లున్నాయని 2016లో తేలింది. చివరికి 2020లో జన్యువుల పేర్లే మార్చుకోవాల్సి వచ్చింది. గుమాస్తా పని అని వదిలేస్తే జరిగేది ఇదే.

ఇక దొంగతనం భయం. జెనోడో లాంటి ఓపెన్ రిపాజిటరీలో ఫైలు ప్రచురించగానే తేదీతో సహా ఒక డీఓఐ, అంటే శాశ్వత గుర్తింపు సంఖ్య, వస్తుంది. ఆ డేటా ఎవరిదో, ఎప్పుడు పెట్టారో దాంతో నమోదైపోతుంది. వ్యాసం వచ్చేదాకా ఎంబార్గో (ఫలానా తేదీ దాకా ఎవరూ తెరవకూడదన్న గడువు) పెట్టి ఫైళ్లకు తాళం వేసుకోవచ్చు. పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చనే సీసీ బై లైసెన్సు ఇస్తే వాడుకున్నవాళ్లు పేరు చెప్పి తీరాలి. అసలు భయపడాల్సింది వేరే ఉంది. ఆ డేటాలో మనుషుల వివరాలున్నాయా? పేరు తీసేస్తే చాలనుకుంటారు. పుట్టినతేదీ, లింగం, పిన్‌కోడ్ లాంటి జిప్ కోడ్, ఈ మూడూ కలిస్తే అమెరికా జనాభాలో 87 శాతం మందిని విడిగా గుర్తుపట్టవచ్చని పరిశోధకురాలు లతన్యా స్వీనీ 1990 జనగణన లెక్కలతో చూపించారు. ప్రచురించిన ఫైలును సాధారణంగా చడీచప్పుడు లేకుండా మార్చడం కుదరదు. కొత్త వెర్షన్ పెట్టాలి, దానికి వేరే డీఓఐ వస్తుంది, పాతదీ అక్కడే ఉంటుంది. అందుకే బటన్ నొక్కే ముందు రెండు నెలలు పట్టిందంటే నేనైతే మెచ్చుకుంటాను.

డేటా సైన్స్ సంగతి. స్టాటిస్టిక్స్, ప్రోగ్రామింగ్ నేర్చుకోవద్దని నేననను. నా అనుమానమంతా ఆరు నెలల సర్టిఫికెట్ల మీదే. అక్కడ ఇచ్చే డేటా కడిగి, తుడిచి, పళ్లెంలో పెట్టి ఇస్తారు. అందరూ అదే టేబుల్ మీద అదే మోడల్ నడిపి, అదే ప్రాజెక్టు రెజ్యూమేలో రాసుకొస్తారు. ఇంటర్వ్యూలో ‘ఈ గడి ఎందుకు ఖాళీగా ఉంది?’ అని అడిగితే నోరు పెగలనివాళ్లను చాలామందిని చూశాను. మీ అమ్మాయి దానికి ఇప్పటికే జవాబు రాస్తోంది.

ఉద్యోగాల విషయంలో దాచను. డేటాను సర్ది, కాపాడే డేటా స్టీవార్డ్, డేటా క్యూరేటర్ కొలువులు డేటా సైన్స్ కొలువులంత ఎక్కువ లేవు. అయితే అమెరికాలో వైద్య పరిశోధనలకు నిధులిచ్చే ప్రభుత్వ సంస్థ ఎన్ఐహెచ్ 2023 జనవరి నుంచి నిధులడిగేవాళ్లను డేటా నిర్వహణ ప్రణాళిక ఇవ్వమంటోంది. అలాంటి నియమం వచ్చిన చోటల్లా ఈ పని తెలిసినవాళ్లు కావాలి. పోలిక ఇంతే. రెండింట్లో ఒకటే ఎంచుకోవాల్సిన పరిస్థితి మీ అమ్మాయికి ఇంకా రాలేదు, మీరు తెచ్చిపెట్టకండి.

తనకు రెండు మాటలు చెప్పండి. గైడ్, తోటి రచయితల ఒప్పుదల రాతలో తీసుకోమనండి. జెనోడోకి శాండ్‌బాక్స్ అని ప్రయోగాలకు వేరే సైటుంది, ముందు అక్కడ ఎక్కించి చూసుకోమనండి. వీలైతే ఆ రీడ్‌మీని మీరే ఒకసారి చదవండి. మీకు అర్థం కాని చోట ఆపి అడిగితే ఆ అమ్మాయికి కోర్సు ఫీజు కన్నా ఎక్కువ సాయం చేసినట్టే.