డాక్టర్ సలహా: ‘ఐదు గంటల నిద్ర చాలమ్మా, అలవాటైపోయింది’ అంటున్నాడు!

ప్రశ్న: మా బాబుకి 17 ఏళ్లు. ఇంటర్ సెకండియర్ బైపీసీ. హాస్టల్లో ఉండి నీట్‌కి ప్రిపేర్ అవుతున్నాడు. రాత్రి పన్నెండున్నర దాకా చదివి, మళ్లీ ఐదున్నరకల్లా స్టడీ అవర్‌లో కూర్చుంటాడు. మొదట్లో బాగానే వచ్చిన మార్కులు ఇప్పుడు వారం వారం తగ్గుతున్నాయి. తెలిసిన ప్రశ్నలే తప్పు చేస్తున్నాడు. ‘చదివిందంతా మర్చిపోతున్నా’ అని ఫోన్‌లో ఏడుస్తున్నాడు. నిద్ర సంగతి అడిగితే మాత్రం ఐదు గంటలు చాలు, అలవాటైపోయింది అంటాడు. జ్ఞాపకశక్తికి టానిక్ ఏదైనా చెబుతారా? వాళ్ల రూమ్‌లో పిల్లలు నిద్ర రాకుండా ఏదో మాత్ర వేసుకుంటున్నారట. అది వాడొచ్చా?
- ఓ తల్లి, నరసరావుపేట

జవాబు: అమ్మా, ముందు మాత్ర సంగతి చెబుతాను. వద్దు. ఆ పేరేమిటో మీరు రాయలేదు. మోడాఫినిల్ లాంటి మందులు పగటిపూట కూడా ఆపుకోలేనంత నిద్ర ముంచుకొచ్చే జబ్బు ఉన్నవాళ్లకి, డాక్టర్ పర్యవేక్షణలో ఇచ్చేవి. వాటివల్ల తలనొప్పి, గుండెదడ, ఆందోళన రావచ్చు. అరుదుగా ప్రమాదకరమైన దద్దుర్లు కూడా వస్తాయి. పైగా ఆ మాత్ర కళ్లు మూతపడకుండా ఆపుతుందే తప్ప నిద్ర చేసే పని చేయదు. ఇక టానిక్ అంటారా, ఆరోగ్యంగా ఉన్న పిల్లవాడికి సీసాలోంచి జ్ఞాపకశక్తి పోయడం కుదరదు. ఆ డబ్బు మిగుల్చుకోండి.

మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన మాట ‘అలవాటైపోయింది’. మీ బాబు అబద్ధం చెప్పడం లేదు. అతనికి నిజంగానే అలా అనిపిస్తోంది. చిక్కంతా అక్కడే ఉంది.

2003లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం పరిశోధకులు ఒక అధ్యయనం ప్రచురించారు. ఆరోగ్యంగా ఉన్న 48 మంది పెద్దవాళ్లను ల్యాబ్‌లోనే ఉంచారు. రెండు వారాల పాటు కొందరికి రాత్రికి 8 గంటలు, కొందరికి 6, కొందరికి 4 గంటలే పడుకునే వీలిచ్చారు. మరో గుంపును మూడు రోజులు అసలు నిద్రపోనివ్వలేదు. మెలకువగా ఉన్నంతసేపూ రెండేసి గంటలకోసారి పరీక్ష పెట్టారు. అందులో ఒకటి చాలా తేలికైనది. తెరమీద అంకె కనిపించగానే బటన్ నొక్కాలి, అంతే. అర సెకను దాటితే ఆ క్షణంలో మెదడు పట్టు తప్పినట్టు లెక్క.

ఆరు గంటలు, అంతకన్నా తక్కువ పడుకున్నవాళ్లలో ఆ తప్పులు రోజురోజుకీ పెరుగుతూనే పోయాయి. రెండు వారాలు తిరిగేసరికి వాళ్ల పనితీరు ఒకటి రెండు రాత్రులు బొత్తిగా నిద్రలేని మనిషి స్థాయికి పడిపోయింది. కానీ ‘మీకు నిద్రమత్తుగా ఉందా?’ అని అడిగితే, మొదటి కొన్ని రోజుల తర్వాత వాళ్ల జవాబు పెద్దగా మారలేదు. పర్వాలేదు, కొంచెమే అన్నారు. మత్తుకి అలవాటు పడ్డారు గానీ మెదడు అలవాటు పడలేదు. వాళ్లంతా పెద్దవాళ్లు. మీ బాబు వయసు పిల్లలకి 8 నుంచి 10 గంటలు కావాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లోనే చెప్పింది.

ఇది నాకు పుస్తకాల్లోనే తెలిసిన విషయం కాదు. హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు, వరసగా రెండో నైట్ డ్యూటీలో, తెల్లవారుజామున ఒక పసిబిడ్డకి మందు మోతాదు రాశాను. దశాంశ చుక్క ఒక స్థానం పక్కకి జరిగింది. డ్యూటీలో ఉన్న సిస్టర్ చూసి ఆపింది. ఆ క్షణంలో నన్ను ఎవరైనా ‘నిద్రొస్తోందా డాక్టర్’ అని అడిగితే, లేదనే చెప్పేవాణ్ని. మీ బాబు తెలిసిన ప్రశ్నలు తప్పు చేస్తున్నాడని చదవగానే నాకు ఆ చీటీయే గుర్తొచ్చింది.

ఇక మర్చిపోవడం గురించి. పగలు చదివింది మెదడులో హిప్పోకాంపస్ అనే భాగంలో ముందు చేరుతుంది. నిద్రలో మెదడు దాన్ని మళ్లీ మళ్లీ నెమరేసుకుని గట్టిపరుస్తుంది. గాఢనిద్ర ఎక్కువగా రాత్రి మొదటి భాగంలో, కలలొచ్చే నిద్ర ఎక్కువగా తెల్లవారుజామున వస్తాయి. చివరి రెండు మూడు గంటలు కోసేస్తే ఆ రెండో రకమే బాగా తెగిపోతుంది. నిద్రకీ జ్ఞాపకానికీ ఉన్న సంబంధం కొత్తగా కనిపెట్టినదేమీ కాదు. 1924లోనే కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఇద్దరు విద్యార్థులకి అర్థం లేని అక్షరాల జాబితాలు బట్టీ పట్టించి చూశారు. చదివి పడుకున్నప్పుడు, మెలకువగా ఉన్నప్పటికన్నా ఎక్కువ గుర్తున్నాయి.

‘తెల్లవారుజామున చదివితే బాగా ఎక్కుతుంది’ అని మా అమ్మ కూడా అనేది. ఎనిమిదిన్నరకి దీపం ఆర్పేసే ఇంట్లో అది నిజమే. ఈ వయసులో శరీర గడియారం సహజంగానే ఆలస్యంగా నడుస్తుంది. పదిన్నర, పదకొండు దాకా నిద్ర రాకపోవడం బద్ధకమూ కాదు, క్రమశిక్షణ లేకపోవడమూ కాదు. కాబట్టి రాత్రి చదువూ, తెల్లవారుజాము చదువూ రెండూ పెట్టకండి, ఏదో ఒకటి వదలాల్సిందే.

బాబుకి నేను చెప్పేది ఇది. పదిన్నరకి పుస్తకం మూసెయ్. హాస్టల్ ఒప్పుకుంటే ఆరున్నర దాకా పడుకో. పోయిన మూడు గంటల గురించి టెన్షన్ పడకు. ఉన్న సమయంలో ఒకే పేజీని నాలుగుసార్లు చదివే బదులు, ఒకసారి చదివి పుస్తకం మూసి, గుర్తున్నది కాగితం మీద రాసుకో. 2006లో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఇదే పరీక్షించారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ మళ్లీ చదివినవాళ్లే మెరుగ్గా చెప్పారు. వారం తర్వాత అడిగితే, చూడకుండా రాసి చూసుకున్నవాళ్లకే ఎక్కువ గుర్తుంది.

సాయంత్రం నాలుగు తర్వాత టీ, కాఫీ వద్దు. ఒంట్లో చేరిన కెఫీన్ సగానికి తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. మధ్యాహ్నం భోజనమయ్యాక 20 నిమిషాల కునుకు మంచిది. మంచం మీదకి ఫోన్ రానివ్వకూడదు.

ఒక్క నిద్రనే దోషిని చేయడం కూడా సరికాదు. రక్తహీనత, థైరాయిడ్, బి12 పరీక్షలు ఒకసారి చేయించండి. గురక పెడతాడేమో రూమ్‌మేట్స్‌ని అడగండి. పెద్దగా గురక ఉంటే ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఆ ఏడుపు. రెండు వారాలుగా దిగులుగా ఉన్నా, తిండి మానేసినా, ‘నావల్ల కాదు, నేనుండి ఏం లాభం’ లాంటి మాట ఒక్కటి వినిపించినా సెలవు కోసం ఎదురుచూడకండి. అదే రోజు వెళ్లి పక్కన కూర్చోండి, సైకియాట్రిస్ట్‌కి చూపించండి. మానసిక సాయం కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కి ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

వార్డెన్ ఒప్పుకోరేమోనని మీకు అనుమానం ఉండొచ్చు. ఈ జవాబు ప్రింట్ తీసి చూపించండి. రెండు వారాలు నిద్ర గంటలూ, వీకెండ్ టెస్ట్ మార్కులూ ఒకే కాగితం మీద పక్కపక్కన రాయమనండి. ఆ మాత్ర వేసుకుంటున్న పిల్లల సంగతి కూడా ఆయనతో తప్పకుండా చెప్పండి. వాళ్ల అమ్మలకి ఇంకా తెలిసి ఉండదు.