గండికోటకు వచ్చే ముందు

అమ్మాయీ,

జనవరిలో మీరంతా గండికోట చూడ్డానికి వస్తున్నారని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషం. అయితే తెల్లారి దిగి, మధ్యాహ్నానికి కోట, సాయంత్రానికి బెలుం గుహలు చూసేసి, రాత్రికే హైదరాబాదు తిరిగిపోవాలని అనుకుంటున్నారట. ఆ ప్లాన్ మార్చుకోండి. ఒక రాత్రి అక్కడ పడుకుని, పొద్దున్నే లేచి లోయ దగ్గరికి వెళ్లాలి. మిగతావన్నీ దాన్ని బట్టి సర్దుకోవచ్చు.

ఎందుకంటున్నానో చెప్తా. కోట పెన్నేటికి దక్షిణపు గట్టున ఉంది. అక్కడ నిలబడి మనం చూసేది ఉత్తరాన ఉన్న ఎదుటి కొండగోడని. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి ఒరిగి ఉంటాడు కాబట్టి, పొద్దుటి ఏటవాలు ఎండ ఆ గోడ మీదే పడుతుంది. ముందు పైవరస రాళ్లు ఎర్రబడతాయి. ఆ ఎరుపు మెల్లగా ఒక్కో వరసా కిందికి దిగుతుంది. అడుగున నీళ్లు మాత్రం ఇంకా నీడలోనే ఉంటాయి. రాతి పొరల మధ్య ప్రతి చీలికా విడివిడిగా కనబడేది ఆ గంటలోనే. పొద్దెక్కేకొద్దీ నీడలు తగ్గిపోయి గోడంతా ఒకటే రంగుకి వస్తుంది. చాలామంది సరిగ్గా ఆ వేళకే కారు దిగి, నాలుగు ఫోటోలు తీసుకుని, 'ఇంతేనా' అనుకుంటూ వెళ్లిపోతారు. చూస్తుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. అంత దూరం వచ్చి అసలైనది చూడకుండా పోతున్నారే అని.

ఇక అంచు సంగతి. ఈ ఒక్క విషయంలో నామాట గట్టిగా పట్టించుకో. లోయ దాదాపు మూడొందల అడుగుల లోతు. అంచు పొడవునా కంచె లేదు. ఆ రాయి క్వార్ట్‌జైట్. ఎప్పుడో వంద కోట్ల ఏళ్లకు ముందు పేరుకున్న ఇసుక గట్టిపడి అలా తయారైంది. భూగర్భ శాస్త్రంలో ఆ రాతిపొరకు గండికోట పేరే పెట్టారు. దగ్గరగా చూస్తే పొరలు అడ్డంగా, పగుళ్లు నిలువుగా ఉండి, ఎవరో కొలిచి పేర్చిన దిమ్మెల్లా ఉంటాయి. చూడ్డానికి ఎంతో బాగుంటుంది. కానీ నిలువు పగులు ఉందంటే దాని అవతలి దిమ్మెకు వెనక నుంచి పట్టు లేదని అర్థం. పగులు దాటి అవతలికి అడుగెయ్యొద్దు. ఇవతల ఒక పెద్ద బండ చూసుకుని దాని మీద కూర్చోండి, అక్కడి నుంచి కూడా లోయ అడుగు దాకా కనబడుతుంది. ఫోటో తీసేవాళ్లు వెనక్కి నడుస్తూ తియ్యకూడదు. గాలి ఒక్కోసారి ఉన్నట్టుండి కొడుతుంది, టోపీ ఎగిరిపోతే పోనియ్యండి. చిన్నోడి చెయ్యి పట్టుకోవడమంటే వేలు అందించడం కాదు, మణికట్టు పట్టుకోవాలి. ఎంత గింజుకున్నా వదలొద్దు.

లోయ దగ్గరికి దారి బండరాళ్ల మీద నుంచే. చెప్పులు పనికిరావు, పట్టు ఉన్న బూట్లు వేసుకోండి. మీ అత్తగారికి మోకాళ్ల నొప్పులు కదా, ఆవిడను అంత దూరం తీసుకెళ్లొద్దు. మాధవరాయస్వామి గుడి చూపించండి, స్తంభాల మీది శిల్పాలు ఆవిడకు నచ్చుతాయి. ఎవరైనా ఒకరు తోడు ఉండండి, పాపం ఒంటరిగా కూర్చోబెట్టి వెళ్లిపోవద్దు.

సాయంత్రం పూట కోట లోపల తిరగండి. పెమ్మసాని నాయకులు తరతరాలుగా ఏలిన కోట ఇది. తర్వాత గోల్కొండ తరఫున మీర్ జుమ్లా పట్టుకున్నాడు. ఫ్రెంచి రత్నాల వ్యాపారి టావెర్నియర్ 1652లో ఆయన్ని కలవడానికి ఇక్కడికే వచ్చాడు. జామియా మసీదు, దాని పక్కనే పెద్ద ధాన్యాగారం, కోనేరు అన్నీ నడిచి చూడదగ్గ దూరంలోనే ఉంటాయి. ఉత్తరాన లోయే కందకమైనప్పుడు ఆ వైపు నుంచి శత్రువు రావడం ఎంత కష్టమో పిల్లలకు అక్కడే చూపించి చెప్పు, బాగా గుర్తుంటుంది. గోడల మీద పేర్లు గీకేవాళ్లు కనబడితే మాత్రం ఊరుకోవద్దు. చీకటి పడకముందే బండల మీద నుంచి వచ్చేయండి. టార్చి మాత్రం మర్చిపోవద్దు, తెల్లారకముందే లోయకు బయల్దేరాలంటే అది కావాలి.

లోయలో నీళ్లుంటాయా అని అడిగావట. పెన్న వానల మీద ఆధారపడ్డ ఏరు. లోయలో నిలిచే నీళ్లు దిగువన ఉన్న మైలవరం జలాశయం మట్టాన్ని బట్టి ఉంటాయి. వానలు బాగా పడిన ఏడాదైతే జనవరిలో నిండుగా కనబడుతుంది. ఉన్నా సరే, ఈతకని ఎవరూ దిగొద్దు. ఏప్రిల్, మే నెలల్లో వస్తామంటే మాత్రం నేనే వద్దనేవాణ్ణి. మన కడప ఎండలకు ఆ రాయి నిప్పులా కాలుతుంది, తలదాచుకోవడానికి లోయ దగ్గర చెట్టు నీడ ఉండదు. చలికాలంలో కూడా మనిషికి రెండు లీటర్ల నీళ్లు మొయ్యాల్సిందే.

ఉండడానికి టూరిజం వాళ్ల హరిత హోటల్ ఉంది. శని, ఆదివారాల్లోనూ సంక్రాంతి సెలవుల్లోనూ గదులు దొరకడం కష్టం, ఇప్పుడే బుక్ చేసుకోండి. వీలైతే వారం మధ్యలో రండి, తెల్లవారుజామున లోయ దగ్గర జనం పలచగా ఉంటారు.

బెలుం గుహలు రెండో రోజుకి పెట్టుకోండి. లోయ చూసి, టిఫిన్ చేసి తొమ్మిదింటికల్లా బయల్దేరితే అరవై కిలోమీటర్ల దూరమే. గుహలోకి పొద్దుతో పనిలేదు కాబట్టి మిట్టమధ్యాహ్నం అయినా నష్టం లేదు. మూడు కిలోమీటర్లకు పైగా ఉన్న గుహలో సందర్శకులను దాదాపు ఒకటిన్నర కిలోమీటరు దాకా పోనిస్తారు. లోపల ఉక్కపోతగా ఉంటుంది, పల్చటి నూలు బట్టలు వేసుకోండి. మీ అత్తగారు దిగాలో వద్దో అక్కడి మెట్లు చూశాక ఆవిడనే నిర్ణయించుకోనివ్వండి.

రాత్రంతా కారు నడుపుకుంటూ మాత్రం రావొద్దు. నిద్రలేని కళ్లతో ఆ అంచు దగ్గర నిలబడతారేమోనని నాకు టెన్షన్. పొద్దున్నే హైదరాబాదులో బయల్దేరండి. జమ్మలమడుగు చేరగానే ఫోన్ చెయ్యి, మీ పెద్దమ్మ అన్నం వండి ఉంచుతుంది. తిని కాసేపు నడుం వాల్చి, ఎండ తగ్గాక కోటకు వెళ్దురుగాని.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న